చీపురుపుల్లే ప్రోబు: తొమ్మిదో తరగతి నానో ప్రాజెక్టు డైరీ

బడిలో నానో టెక్నాలజీ చెప్పాలంటే పెద్ద చిక్కు ఒక్కటే: చూపించడానికి ఏమీ ఉండదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బడికి రాదు. బొమ్మలు చూపిస్తే పిల్లలకు బొమ్మలే గుర్తుంటాయి. అందుకే ఈ ప్రాజెక్టుకు ఒక షరతు పెట్టుకున్నాం. కంటికి ఆననిదాన్ని కొలిచో, లెక్కగట్టో పట్టుకోవాలి. ఆ లెక్కను పిల్లలే మెట్టుమెట్టుగా రాసి కంప్యూటరు చేత చేయించాలి. నానో ఒక పాఠం, కోడింగు ఇంకో పాఠం అని విడగొట్టలేదు.

తరగతి: తొమ్మిది. 24 మంది, నలుగురేసి చొప్పున 6 జట్లు. శనివారం రెండు పీరియడ్లు కలిపి 90 నిమిషాలు. జట్టుకో కంప్యూటరు; అందులో స్క్రాచ్ (దిమ్మెలు పేర్చి కోడు రాసే ప్రోగ్రాం), లిబ్రెఆఫీస్ క్యాల్క్ (లెక్కల పట్టికల ప్రోగ్రాం), పైథాన్ (కోడింగు భాష). మిగతా సామాను ఎక్కువగా కిరాణా కొట్టులో, స్టేషనరీ షాపులో దొరికేదే.

1వ వారం: కాగితం పట్టీ, 28 కోతలు

ఏ4 కాగితం నుంచి 28 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు పట్టీ కత్తిరించాలి. దాన్ని సగం చేసి, ఒక ముక్క పక్కన పెట్టి, రెండో ముక్కను మళ్లీ సగం చేయాలి. మొదలుపెట్టే ముందే ఒక ప్రశ్న బోర్డు మీద రాసి ఉంచాం: ఒక నానోమీటరుకు (మీటరులో వంద కోట్లో వంతుకు) దిగాలంటే ఎన్ని కోతలు పడతాయి? జవాబులు వేలల్లో, లక్షల్లో వచ్చాయి. 28 సెం.మీ. పట్టీనే ఎందుకంటే సరిగ్గా 28 కోతలకు 1.04 నానోమీటర్లు మిగులుతుంది కాబట్టి. 30 సెం.మీ. తీసుకున్నా కోతల సంఖ్య మారదు గానీ, 28కి 28 అయితే పిల్లలు మర్చిపోరు.

కత్తెర ఎనిమిదో కోతకు (1.1 మి.మీ.), మహా అయితే తొమ్మిదో కోతకు ఆగిపోతుంది. అక్కడి నుంచి స్క్రాచ్‌లో లూప్. పొడవు అనే చరరాశిని 28,00,00,000 నానోమీటర్ల దగ్గర మొదలుపెట్టి, ప్రతి చుట్టుకూ 2తో భాగించి, కోతలకు 1 కలపడమే. దారిలో నాలుగు మజిలీలు గుర్తు పెట్టించాం. 12వ కోతకు 68 మైక్రోమీటర్లు, అంటే తలవెంట్రుక మందం. 17వ కోతకు సుమారు 2 మైక్రోమీటర్లు, ఒక మామూలు బాక్టీరియా పొడవు. 19వ కోతకు 534 నానోమీటర్లు, ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం. 27వ కోతకు 2.1 నానోమీటర్లు, డీఎన్‌ఏ నిచ్చెన వెడల్పు. 19వ మజిలీ దగ్గర ఆగి మాట్లాడాల్సిందే. అక్కడి నుంచి ఇంకో రెండు కోతలు దాటాక మామూలు మైక్రోస్కోపులో ఎంత మంచి కటకం పెట్టినా లాభం లేదు. వస్తువు కాంతి తరంగంలో సగం కంటే చిన్నదైపోయింది. 2వ వారంలో పెట్టె ఎందుకు చేస్తున్నామో ఇక్కడే అర్థం కావాలి.

వచ్చిన తప్పు: మూడు జట్లు లూప్‌ను "పొడవు = 1 అయ్యేదాకా" అని రాశాయి. పొడవు 1.04 నుంచి 0.52కి దూకుతుంది తప్ప 1 దగ్గర నిలబడదు. లూప్ ఆగదు, చివరికి పొడవు 0 చూపిస్తూ కోతలు పెరుగుతూనే ఉంటాయి. "=" తీసి "2 కంటే తక్కువ" అని పెట్టమని మేం చెప్పలేదు. ప్రతి చుట్టులో పొడవును ఒక జాబితాలోకి చేర్చి చూడమన్నాం, అంతే. జాబితా చూడగానే దొరికిపోయింది.

మిగిలిన అరగంటలో ఉపరితల వైశాల్యం. 1 సెం.మీ. ఘనాన్ని 1 నానోమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం ముఖాల వైశాల్యం 6 చ.సెం.మీ. నుంచి 6 కోట్ల చ.సెం.మీ. అవుతుంది. చదరపు మీటర్లలో 6,000. సెంట్లలో 148, గుంటల్లో 59. చక్కెర క్యూబంత ముద్దలో ఎకరంన్నర నేల దాగుందంటే తరగతిలో చప్పుడు ఆగింది. ఇక్కడ వచ్చే తప్పు కూడా ముచ్చటైనది. చ.సెం.మీ.ను చ.మీ.లోకి మార్చేటప్పుడు 10,000తో కాకుండా 100తో భాగిస్తే 148 ఎకరాలు వస్తుంది. అంకె అదే, ప్రమాణం వేరు. ఒక జట్టు సెంట్లు అని, ఇంకో జట్టు ఎకరాలు అని పోట్లాడుకుంటే రెంటిలో ఒకదాని కొలత వందరెట్లు తప్పని తేలింది.

నానో యూరియా సంగతి పిల్లలే ఎత్తారు. సీసాలు పొలంలో చూసినవాళ్లు చాలామంది. 2021లో వచ్చిన సీసాలో నత్రజని 4 శాతం, పరిమాణం 500 మి.లీ. అంటే 20 గ్రాముల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోలు. సీసా ఒక బస్తాకు సాటి అనే మాట నిజమవ్వాలంటే ఆకు మీద పడిన ప్రతి గ్రామూ నేలలో పడిన కిలోకు సమానంగా పని చేయాలి. దీని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడిచింది. తీర్పు మేం చెప్పలేదు. ఏ ప్రకటన కనబడినా రెండు వైపులా ఒకే ప్రమాణంలో రాసి భాగించి చూడాలన్నది మాత్రం నోటుబుక్కులోకి ఎక్కింది.

2వ, 3వ వారాలు: మూసిన పెట్టె

ఈ ప్రాజెక్టుకు గుండెకాయ ఇదే. 1981లో జ్యూరిక్ ఐబీఎం ప్రయోగశాలలో బినిగ్, రోరర్ చేసిన స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు గానీ, 1986లో వచ్చిన అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు గానీ చూసే పరికరాలు కావు, తడిమే పరికరాలు. సూది వరుసగా తడుముతూ పోతుంది, ప్రతిచోటా ఎత్తు ఒక అంకెగా నమోదవుతుంది, ఆ అంకెలకు కంప్యూటరు రంగులు వేస్తుంది. పుస్తకాల్లో మనం చూసే అణువుల బొమ్మలు ఫొటోలు కావు, అంకెల పట్టికలు. పిల్లలకు ఈ ఒక్క మాట చేత్తో తెలియాలని పెట్టె కట్టించాం.

జట్టుకు కావలసినవి: చెప్పుల పెట్టె ఒకటి; గట్టి అట్ట ముక్కలు మూడు, ఒక్కొక్కటి 14 × 14 సెం.మీ.; గ్రాఫ్ కాగితం; దబ్బనం; కొబ్బరి చీపురుపుల్లలు నాలుగైదు (2 మి.మీ. మందం ఉన్నవి, నిటారుగా ఉన్నవి ఏరుకోవాలి), పెన్సిలు, ఫెవికాల్, లోపల అతికించడానికి అగ్గిపెట్టెలు, థర్మోకోల్, బంకమట్టి, కొబ్బరి చిప్ప ముక్క.

మూత మీద గ్రాఫ్ కాగితం అంటించి, 1 సెం.మీ. ఎడంగా 10 × 10 చుక్కలు పెట్టి, దబ్బనంతో 3 మి.మీ. రంధ్రాలు పొడవాలి. పుల్లకు మిల్లీమీటరు గీతల గ్రాఫ్ పట్టీ చుట్టి అంటించాలి. పెట్టె ఖాళీ నేల మీద పుల్ల ఎంత దిగిందో ముందు రాసుకోవాలి, అది సున్నా. తర్వాత ప్రతి రంధ్రం దగ్గర దిగిన లోతును సున్నా కొలత నుంచి తీసేస్తే ఎత్తు. ఒక జట్టు లోపలి దృశ్యం కడుతుంది, పెట్టె మూసి ఇంకో జట్టుకు ఇస్తుంది. ఇచ్చేటప్పుడు ఊపి వినడం నిషేధం.

2వ వారం ఫలితాలు ఘోరం. ఎక్కడి వస్తువులు అక్కడ లేవు. కారణం పుల్ల వాలడం. అట్ట పల్చన, రంధ్రం వదులు. చేయి తెలియకుండానే పుల్లను 10 డిగ్రీలు వాలుస్తుంది. పది సెం.మీ. లోతున 10 డిగ్రీలంటే లోతు కొలతలో తేడా ఒకటిన్నర మి.మీ. మాత్రమే, కానీ మొన పక్కకు 17 మి.మీ. జరుగుతుంది. అంటే ఒకటిన్నర గడి దాటిపోయింది. ఎత్తు సరే, చిరునామా తప్పు. లోతు కొలత బాగానే కనిపిస్తుంది కాబట్టి పిల్లలకు అనుమానం రాదు.

విరుగుడు రెండో అట్ట. మొదటి అట్టకు 3 సెం.మీ. కింద సమాంతరంగా మరో అట్ట అమర్చాలి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి దబ్బనంతో ఒకేసారి పొడిస్తేనే రంధ్రాలు కలుస్తాయి; విడివిడిగా పొడిస్తే పుల్ల సగం రంధ్రాల్లో దిగదు. ఎడం కోసం నాలుగు మూలలా 3 సెం.మీ. ఎత్తు చెక్క ముక్కలు పెట్టాం. ఇలా చేశాక మొన పక్కకు జరగడం 3 మి.మీ. లోపలే.

రెండో జబ్బు: నొక్కితే మూత కుంగుతుంది. మూత 2 మి.మీ. కుంగితే పుల్ల మీద రెండు గీతల తేడా, ఆ గడిలో లేని 2 మి.మీ. ఎత్తు వచ్చి చేరుతుంది. ఐస్‌క్రీం పుల్లలు నాలుగు మూత అడుగున అడ్డంగా అంటించాక కుదురుకుంది. మూడోది: మొన థర్మోకోల్‌లోకి దిగబడిపోవడం, బంకమట్టిలో గుంట చేయడం. రెండోసారి కొలిస్తే అదే గడిలో ఇంకో విలువ. ఇది లోపం కాదు, అసలు యంత్రంలోనూ ఉన్న సమస్యే; అందుకే అక్కడ సూది వేసే బలాన్ని నానోన్యూటన్లలో అదుపు చేస్తారు. మేం పుల్ల మొనకు ఒక ఫెవికాల్ చుక్క పెట్టి ఆరనిచ్చాం. పుల్లను దాని బరువుతోనే జారనివ్వాలి, నొక్కకూడదు.

కొలతలు నోటుబుక్కులో 10 × 10 గడుల్లో రాసి, క్యాల్క్‌లోకి ఎక్కించి, కండిషనల్ ఫార్మాటింగ్‌లో కలర్ స్కేల్ పెట్టగానే అంకెల మూకలోంచి అగ్గిపెట్టె ఆకారం బయటికొస్తుంది. గడి వెడల్పు, ఎత్తు సమానం చేయకపోతే చతురస్రం దీర్ఘచతురస్రంలా కనబడుతుంది. నిలువు వరుసల వెడల్పు 1 సెం.మీ., అడ్డు వరుసల ఎత్తు 1 సెం.మీ. పెట్టించాలి.

అన్నిటికంటే మంచి తప్పు ఒకటుంది. టైము ఆదా అవుతుందని ఒక జట్టు పాములా స్కాన్ చేసింది: మొదటి వరుస ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకు. నమోదు చేసే పిల్లాడు మాత్రం అన్నిటినీ ఎడమ నుంచే రాసుకుంటూ పోయాడు. వచ్చిన బొమ్మలో అంచులన్నీ దువ్వెన పళ్లలా ఉన్నాయి. బొమ్మ మధ్యలో సరిగ్గానే ఉండి అంచులు చీలిపోతే ఏం జరిగి ఉంటుందని అడిగితే, మిగతా జట్ల వాళ్లు పది నిమిషాల్లో కనిపెట్టారు. పెట్టెను మళ్లీ కొలవలేదు. పైథాన్‌లో సరి వరుసలను తిరగేసే రెండు గీతల కోడు రాశారు. కొలత పాడవలేదు, క్రమం పాడైందన్న తేడా అక్కడ తెలిసింది.

అదే స్కాన్‌ను మెట్లుగా రాయించినప్పుడు బోర్డు మీద నిలిచింది ఇది:

అడ్డు వరుస 1 నుంచి 10 దాకా,
ప్రతి వరుసలో గడి 1 నుంచి 10 దాకా,
పుల్ల దించు, ఆగేదాకా వదులు, లోతు చదువు,
సున్నా కొలత నుంచి లోతు తీసేయి, పట్టికలో ఆ వరుస ఆ గడిలో రాయి,
పుల్ల పూర్తిగా పైకి లాగు, తర్వాతి గడికి జరుపు.

"పూర్తిగా పైకి లాగు" అన్నది మొదట ఎవరూ రాయలేదు. మనుషులకు చెప్పక్కర్లేదు, యంత్రానికి చెప్పాలి. ఆ మెట్టు లేకుండా జరిపితే మొన వస్తువు పక్కను గుద్దుతుంది. ఒక కొబ్బరి చిప్ప అలాగే ఊడింది.

4వ వారం: సూది లావైతే, గడులు చిన్నవైతే

అదే పెట్టెకు పెన్సిలు పట్టే 8 మి.మీ. రంధ్రాలతో ఇంకో మూత. లోపల రెండు అగ్గిపెట్టెల మధ్య 6 మి.మీ. సందు ఉంచాం. ఒక గడి వరుస ఆ సందు మీదే పడేలా చూసుకోవాలి, లేకపోతే ప్రయోగం వృథా. చీపురుపుల్ల సందులో నేలదాకా దిగింది. 7 మి.మీ. పెన్సిలు దిగలేదు, పట్టికలో రెండు అగ్గిపెట్టెలు ఒకే దిమ్మ అయ్యాయి. పెన్సిలు కొలతల్లో వస్తువులన్నీ కాస్త లావెక్కుతాయి కూడా, ఎందుకంటే మధ్యభాగం రాకముందే పెన్సిలు అంచు తగులుతుంది. పెన్సిలును చెక్కకుండా చదును మొనతోనే వాడాలి. చెక్కితే తేడా తెలియదు. అసలు మైక్రోస్కోపు సూది మొన వ్యాసార్ధం 10 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, దానికంటే సన్నని సందు దానికీ కనబడదు. కంప్యూటరులో ఎంత పెద్దది చేసి చూసినా సూది తడమనిది బొమ్మలో ఉండదు.

తర్వాత టైము లెక్క. ఒక గడికి 10 సెకన్లు. 10 × 10కి 1,000 సెకన్లు, అంటే 17 నిమిషాలు. 20 × 20కి 67 నిమిషాలు. 256 × 256 అయితే 65,536 గడులు, ఏడున్నర రోజులు పగలూ రాత్రీ. స్పష్టత రెట్టింపైతే పని నాలుగు రెట్లు. తగ్గించే ఉపాయం అడిగాం. రెండు జట్లు ఒకే దారి పట్టాయి: ముందు గడి విడిచి గడి 5 × 5 కొలిచి, పక్క గడులతో తేడా 5 మి.మీ. దాటిన చోటే మిగతా గడులు కొలవడం. చదునైన నేల ఎక్కువున్న పెట్టెల్లో ఇది బాగా కలిసొస్తుంది. ఓడిపోయే పెట్టె ఏదో కట్టి చూపించమంటే, నిటారుగా ఒక్క చాక్‌పీసు నిలబెట్టారు. 5 × 5 గడుల మధ్య పడితే అది లేనట్టే. ఉపాయం తప్పు కాదు. లోపల సన్నటివి ఉండవన్న నమ్మకం మీద నిలబడ్డ ఉపాయం. ఆ నమ్మకాన్ని కోడు పైన కామెంటుగా రాయించాం.

1989లో ఐబీఎం ప్రయోగశాలలో డాన్ ఐగ్లర్ 35 జెనాన్ పరమాణువులను ఒక్కొక్కటిగా జరిపి మూడు అక్షరాలు పేర్చిన సంగతి ఈ వారమే చెప్పాం. ముందే చెప్పి ఉంటే విచిత్రంగా వినేవాళ్లు. పెట్టె పని అయ్యాక మాత్రం అడిగిన ప్రశ్న వేరు: జరిపాక అది అక్కడే ఉందని ఎలా తెలిసింది? మళ్లీ స్కాన్ చేసి.

5వ వారం: చేమ ఆకు

తామరాకు దొరికితే మంచిదే. దొరక్కపోతే పెరటి చేమ ఆకు చాలు. ఆకు మీద గరుకు బొడిపెలు, వాటిపైన మైనపు సన్న నిర్మాణాలు. నీటి బొట్టు ఆ మొనల మీద కూర్చుంటుంది, కింద గాలి ఉంటుంది. ఆకు పైభాగాన్ని వేలితో ముట్టుకోకూడదు. మైనం రుద్దుకుపోయిన చోట బొట్టు అంటుకుంటుంది. ఇది కూడా చూపించాల్సిందే, కానీ చివర్లో.

2 × 3 సెం.మీ. ముక్క కోసి రెండువైపులా అంటుకునే టేపుతో గాజు పలక మీద చదునుగా అతికించాలి. ఈనె ఉన్న చోటు వద్దు. వెనక తెల్ల కాగితం, దాని మీద టార్చి వెలుగు. ఫోను కెమెరా సరిగ్గా ఆకు మట్టంలో ఉండాలి. కాస్త పైనుంచి తీసినా బొట్టు అడుగు గీత కనబడదు. డ్రాపర్ బొట్టు పనికిరాదు: 50 మైక్రోలీటర్ల బొట్టు తన బరువుకే అణిగిపోయి స్పర్శకోణం (బొట్టు అంచు ఆకును తాకే చోట నీటి లోపలివైపు చేసే కోణం) తక్కువ చూపిస్తుంది. 100 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో ఒక యూనిట్ 10 మైక్రోలీటర్లు. సూది సన్నం కాబట్టి అంత కాకముందే బొట్టు ఊడిపడుతుంది. పడ్డదాని మీదే రెండోది కలపాలి. సిరంజి టీచరు చేతిలోనే ఉండాలి.

బొట్టు ఎత్తు, అడుగు వెడల్పు పిక్సెళ్లలో చదవడానికి పెయింట్ ప్రోగ్రాం కింద కనబడే అంకెలు చాలు. సూత్రం: కోణం = 2 × ఆర్క్‌టాన్ (2 × ఎత్తు ÷ అడుగు వెడల్పు). క్యాల్క్ జవాబును రేడియన్లలో ఇస్తుంది, డిగ్రీలకు మార్చాలి. "2.6 డిగ్రీలు" అని ఎవరైనా రాస్తే జబ్బు అదే.

అంతకంటే నమ్మించే తప్పు ఇంకోటి. పిల్లలు అడుగు వెడల్పు బదులు బొట్టు నడుము వెడల్పు కొలుస్తారు. అసలు కోణం 150 డిగ్రీలున్న బొట్టుకు అలా కొలిస్తే 124 వస్తుంది. గుండ్రటి బొట్టన్నాక 120 దాటింది కదా అని సరిపెట్టుకుంటారు. పట్టుకునే మార్గం: పూర్తి గుండ్రని బంతికి నడుము, ఎత్తు రెండూ సమానం, సూత్రంలో వేస్తే 127. కాబట్టి నడుముతో కొలిస్తే 127 దాటనే దాటదు. అన్ని జట్ల అంకెలూ 127 కిందే గుమిగూడితే కొలిచే చోటు తప్పిందని అర్థం. కోణం బదులు హద్దు దొరికింది.

చివర్లో సబ్బునీటిలో ముంచిన పుల్ల బొట్టుకు తాకించాం. బొట్టు పరుచుకుపోయింది. కొవ్వొత్తి మసి పట్టిన గాజు పలక మీద కూడా బొట్లు బంతుల్లా దొర్లాయి, మసి రేణువులు పదుల నానోమీటర్ల గోళాలు గొలుసుల్లా అల్లుకుని ఉంటాయి. పలకను మంట మీద కదుపుతూ ఉండాలి, ఒకేచోట ఉంచితే చిట్లుతుంది. ఆ పూత వేలు తగిలితే పోతుంది, అందుకే అద్దాలకు, బట్టలకు వేసే పూతల కథ ఇంత తేలిక కాదు.

6వ, 7వ వారాలు: వెండి, నీలం వెలుగు

తులసి ఆకుల కషాయంతో వెండి నానో రేణువులు. సిల్వర్ నైట్రేట్ 1 మిల్లీమోలార్ ద్రావణం కావాలంటే 100 మి.లీ.కి 17 మిల్లీగ్రాములు. బడి త్రాసు 0.01 గ్రాము దాకే చూపిస్తుంది, 17 మిల్లీగ్రాములు దానికి ఒకటో రెండో గీతలు. కాబట్టి 0.17 గ్రాములు 100 మి.లీ.లో కరిగించి పదిరెట్ల గాఢ ద్రావణం చేసి, అందులోంచి 10 మి.లీ. తీసి 100కి పెంచాలి. గాఢ ద్రావణం టీచరే చేయాలి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. చర్మం మీద పడితే నల్లమచ్చ రోజుల తరబడి పోదు. సీసాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టాలి.

నీళ్ల దగ్గరే ప్రయోగం సగం గెలుస్తుంది, సగం ఓడుతుంది. కుళాయి నీళ్లలో, బోరు నీళ్లలో క్లోరైడ్ ఉంటుంది. వెండితో కలిసి తెల్లగా విరిగిన పాలలా అవుతుంది. బ్యాటరీ వాటర్ పనికొస్తుంది, కానీ ప్రతి క్యాన్‌నూ పరీక్షించాలి: 5 మి.లీ. నీళ్లలో ఒక చుక్క వెండి ద్రావణం వేసి నల్ల కాగితం ముందు చూస్తే తెల్లని పొగ కనబడకూడదు. గాజు సామానునూ, ఆకులనూ చివరిసారి ఆ నీళ్లతోనే కడగాలి. చెమట చేతుల్లోనూ ఉప్పే.

10 గ్రాముల పచ్చి తులసి ఆకులు తరిగి, 100 మి.లీ. నీళ్లలో 10 నిమిషాలు మరిగించి, చల్లార్చి వడపోత కాగితంలో వడకట్టాలి. 45 మి.లీ. వెండి ద్రావణంలో 5 మి.లీ. కషాయం కలిపి, 60 నుంచి 70 డిగ్రీల వేడినీళ్ల గిన్నెలో ఉంచాలి. లేత పసుపు, తర్వాత తేనె రంగు, తర్వాత గోధుమ రంగు. పక్కనే రెండు పోలిక గొట్టాలు: వెండి లేకుండా కషాయం, కషాయం లేకుండా వెండి. ఇవి లేకుండా చేస్తే కషాయం రంగునే వెండి రంగని అనుకుంటారు. బూడిద రంగు మడ్డి అడుగుకు చేరితే రేణువులు ముద్దకట్టాయని. వేడి ఎక్కువైనా, కషాయం ఎక్కువైనా అలాగే అవుతుంది.

ఆ 45 మి.లీ.లో ఉన్న వెండి 4.85 మిల్లీగ్రాములు. అంతా 20 నానోమీటర్ల గోళాలుగా మారిందనుకుంటే ఎన్ని? సాంద్రత 10.49తో లెక్కేస్తే కోటి కోట్లకు కాస్త పైన. లేజరు కిరణం పంపితే గొట్టంలో దారి వెలుగుతుంది, ఉప్పునీళ్లలో వెలగదు.

గోధుమ రంగంటే నీలాన్ని మింగేస్తుందని. దాన్ని కొలవడానికి నల్ల చార్టు పెట్టెలో ఒకవైపు నీలం ఎల్‌ఈడీ (220 ఓమ్ నిరోధంతో), మధ్య పరీక్ష నాళిక, అవతల ఎల్‌డీఆర్ (వెలుగు పెరిగితే నిరోధం తగ్గే భాగం). ఎల్‌డీఆర్ ఒక కొస ఆర్డుయినో ఊనో (చిన్న కంట్రోలరు బోర్డు) 5 వోల్టులకు, రెండో కొస ఏ0కు (వోల్టేజిని 0 నుంచి 1023 దాకా అంకెగా చదివే పిన్ను). ఏ0 నుంచి 10 కిలో ఓమ్ నిరోధం గ్రౌండుకు. నిరోధం = 10 × (1023 − రీడింగు) ÷ రీడింగు, కిలో ఓమ్‌లలో. ఎల్‌డీఆర్ వెలుగుకు నిదానంగా స్పందిస్తుంది, నాళిక మార్చాక 10 సెకన్లు ఆగి, 20 రీడింగుల సగటు తీసుకోవాలి. ఎల్‌ఈడీ ఆర్పినప్పుడు రీడింగు సున్నా దగ్గరకు రాకపోతే పెట్టెలోకి గది వెలుతురు దూరుతోంది. ఖాళీ కొలత నీళ్లతో కాదు, వెండి లేని కషాయంతో తీసుకోవాలి, దాని రంగూ నీలాన్ని మింగుతుంది.

రీడింగు ఎంత తగ్గితే అంత వెండి అని పిల్లలు నేరుగా తీసివేస్తారు. చిత్రమేమిటంటే అది చాలాదూరం పని చేస్తుంది. ఖాళీ నాళిక 700 చూపించే పెట్టెకు, ఎల్‌డీఆర్ ఘాతం (వెలుగు మారితే నిరోధం ఎంత వేగంగా మారుతుందో చెప్పే అంకె) 0.7 అనుకుని లెక్కవేస్తే: ఎనిమిదో వంతు గాఢతకు 604, నాలుగో వంతుకు 500, సగానికి 303. తగ్గుదల 96, 200, 397. దాదాపు సరళరేఖే. పూర్తి గాఢతకు 800 తగ్గాలి, ఉన్నదే 700. అసలు వచ్చేది 78, అంటే 622 తగ్గుదల. నిరోధం 10 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల ఉన్నంతసేపు ఈ సర్క్యూటు తనంతట తానే లాగరిథం తీసినట్టు ప్రవర్తిస్తుంది. చివర్లకు వెళ్లేసరికి వంగిపోతుంది. సరైన దారి: నిరోధాల నిష్పత్తికి లాగరిథం తీసి 0.7తో భాగించడం. 700, 500 జతకు అది 0.51. ఘాతం ఒక్కో ఎల్‌డీఆర్‌కూ వేరుగా ఉంటుంది, అందుకే తెలిసిన పలుచన ద్రావణాలు నాలుగు చేసి గీత గీయించాం. గీత సరళరేఖగా వస్తే ఘాతం ఎంతైనా పోలికకు ఇబ్బంది లేదు.

మిగిలిన ద్రావణాలన్నీ ఒకే సీసాలోకి. చెంచాడు ఉప్పు వేస్తే కరిగి ఉన్న వెండి తెల్ల మడ్డిగా దిగుతుంది, నానో రేణువులు కూడా ముద్దకట్టి కిందికి చేరతాయి. మోరీలో పోయకూడదు, వెండి నీటి జీవులకు విషం. మడ్డిని వడకట్టి ఎండబెట్టి పేరు రాసి పెట్టాం.

8వ వారం: పెట్టె రెండో రూపం

చీపురుపుల్ల బదులు సెన్సర్ పెట్టాలని పిల్లల పట్టు. మొదట హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ (ధ్వని పంపి దూరం కొలిచేది). 2 సెం.మీ. కంటే దగ్గరున్నది దానికి తెలియదు, పైగా దాని ధ్వని 15 డిగ్రీల శంకువులా విచ్చుకుంటుంది. 10 సెం.మీ. దూరాన ఆ మచ్చ వెడల్పు 2.6 సెం.మీ. పెన్సిలు కంటే దాదాపు నాలుగింతలు మొద్దు సూది. పట్టికలో అగ్గిపెట్టెలు గుట్టల్లా కరిగిపోయాయి. ఎందుకో పిల్లలే చెప్పారు, 4వ వారం నోటుబుక్కు తెరిచి.

ఇప్పుడు నడుస్తున్నది: పుల్లనే ఉంచి, దాని తలను 60 మి.మీ. ప్రయాణం ఉన్న స్లైడ్ పొటెన్షియోమీటరుకు (మీట జరిపితే నిరోధం మారే భాగం) బిగించడం. 1023 మెట్లకు 60 మి.మీ. అంటే మెట్టుకు 0.06 మి.మీ., చూపుతో చదివే గీత కంటే ఎంతో సన్నం. కానీ స్లైడరు ఒరుసుకోవడం వల్ల పుల్ల తన బరువుతో జారడం లేదు, నొక్కాల్సి వస్తోంది. నొక్కితే బంకమట్టి మళ్లీ గుంట పడుతోంది. స్లైడరు బిగువును తట్టుకునే బరువు ఎంతో తేల్చడానికి పుల్ల తల మీద రూపాయి నాణేలు ఒక్కొక్కటిగా పేరుస్తున్నారు. మట్టి బదులు ఆరిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దృశ్యం ఒకటి పోసి పక్కన ఉంచాం. వచ్చే శనివారం రెండింటి మీదా కొలత.